ఏటిమాట తల్లి

తూర్పు కనుమలు పల్లానికి దిగే చోట, గువ్వలేరు ఒడ్డున ఏటిమాట తల్లి కొలువై ఉన్నది. ఈ గుడికి గోపురం లేదు, ప్రాకారం లేదు. నాలుగు రాతి స్తంభాల నడుమ నిలువెత్తు బండ, దానికి పసుపు కుంకుమలు, వెండి కళ్లు. అదే అమ్మవారు. బండ కింది భాగంలో పాత అక్షరాల వరుస ఒకటి ఉన్నది. అందులో ఒక మాట ఉండవలసిన చోట ఉలి దెబ్బలు తప్ప మరేమీ కనిపించవు. ఎవరో దుర్మార్గులు చెక్కేశారని కొత్త యాత్రికులు నొచ్చుకుంటారు. నిజానికి ఆ మాటను చెరిపినవాడే దాన్ని మొదట చెక్కినవాడు.

పూర్వం ఇక్కడ పెళ్లయిన ప్రతి జంటా ఈ బండ మీద చేతులుంచి "ఎల్లకాలం ఒకరికొకరం" అని ప్రమాణం చేసేవారు. మాట తప్పినవారిని ఏరు తీసుకుపోతుందని నమ్మకం. వీరోజు అనే శిల్పి తన పెళ్లినాడు ఆ ప్రమాణాన్ని తన చేత్తోనే బండ మీద చెక్కాడు. భార్య తిప్పక్కకు చదవడం రాదు. అక్షరాలను వేలితో తడిమి, మురిసిపోయింది.

రెండేళ్లకు వీరోజు ఏదో కోట పనికి దూరదేశం వెళ్లాడు. ఐదేళ్లపాటు కబురు లేదు. మళ్లీ పెళ్లి చేసుకోమని అన్నలు పోరినా తిప్పక్క వినలేదు. తీరా అతడు తిరిగి వచ్చిననాడు ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. నలిగిపోయిన చూపుడువేలు, నెరిసిన గడ్డం, నాలుగు మాటలకు ఒక మాట. కాళ్లకు నీళ్లిచ్చింది, వడ్డించింది. గుండె మాత్రం కదలలేదు. తాను ఎదురుచూసిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు అనిపించింది. ఆ సంగతి ఎవరితో చెప్పుకోగలదు? బండ మీద చెయ్యి వేసి ఇచ్చిన మాట ఆయె!

ఆ శ్రావణంలో గువ్వలేరు మూడుసార్లు పొంగింది. పల్లపు వీధి ఇళ్లు కూలాయి. ఊరిపెద్ద కసిరెడ్డి రచ్చలో అందరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు. "ఎవరో మాట తప్పారు. అందుకే తల్లి అలిగింది. రేపు ప్రతి జంటా ఏట్లో దిగి, వరద చుట్టుకున్న బండను ముట్టుకుని మళ్లీ ప్రమాణం చెయ్యాల. అబద్ధమెవరిదో ఏరే తేలుస్తుంది."

తిప్పక్క ఆ రాత్రంతా మేలుకునే ఉంది. మర్నాడు జంటలు నీళ్లలోకి దిగుతుండగా, తమ వంతు వచ్చేదాకా గట్టు మీద ఒక చెట్టుకు చేరగిలబడింది. అలసటకు కన్ను మూతపడింది. ఆ కునుకులో పసుపు చీర కట్టిన ముసలామె ఒకతె వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమే పిల్లా, నేను అడగని మాట నాకెందుకిచ్చావు?" అన్నది. "ఎల్లకాలమనేది నా దగ్గరుండే వస్తువు. నీ దగ్గర లేనిది నాకెట్లా ఇస్తావు? నీ చేతిలో ఎంతుందో అంతే ఇయ్యి."

ఎవరో భుజం తట్టారు. వీరోజు. వాళ్ల వంతు వచ్చింది.

నీళ్లు నడుము దాకా ఉన్నాయి. ఎర్రటి ప్రవాహంలో కొమ్మలు కొట్టుకువస్తున్నాయి. వీరోజు ఒక చేత్తో బండను, ఒక చేత్తో ఆమె మణికట్టును పట్టుకున్నాడు. అతడు వదిలితే ఆమె నిలవదు. గట్టు మీద ఊరంతా చూస్తోంది.

"చెప్పండి!" అని కసిరెడ్డి అరిచాడు.

తిప్పక్క భర్త ముఖంలోకి చూసింది. "ఏమయ్యా, నేను చెప్పలేను. నువ్వు లేని ఐదేళ్లూ నీమీదే ప్రాణం పెట్టుకుని బతికినాను. నువ్వొచ్చినాక అది ఏమైందో నాకే తెలియదు. ఎంత వెతికినా దొరకలేదు."

గట్టు మీద గగ్గోలు పుట్టింది. "ఇదే ఆ పాపం! వదిలెయ్, వీరోజూ!" అన్నారు ఎవరో. నీళ్లు ఆమె రొమ్ముల దాకా లేచాయి. మణికట్టు మీద అతడి పట్టు సడలినట్లయింది. తిప్పక్క కళ్లు మూసుకుంది.

అతడు పట్టు మార్చుకుంటున్నాడు. నలిగిన వేలున్న చెయ్యి జారుతుంటే రెండో చేత్తో ఆమెను దగ్గరికి లాక్కుని, బండకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"నాకు తెలుసు తిప్పక్కా. గుమ్మంలో నీళ్లిచ్చిన నాడే తెలుసు. అడిగితే నువ్వు పోతావని అడగలేదు."

కొట్టుకొచ్చిన కొమ్మను భుజంతో పక్కకు తోశాడు. తర్వాత అతడే అడిగాడు. "ఎల్లకాలం వద్దులే. ఈ ఏడు ఉంటావా?"

ఆమె ఆలోచించింది. ఊరు చూస్తున్నదనీ, నీరు లేస్తున్నదనీ మరిచి నిజంగానే ఆలోచించింది. "ఈ ఏడు ఉంటాను," అన్నది. "మళ్లీ వరదకు మళ్లీ అడుగు."

వాళ్లు గట్టెక్కేసరికి నీరు తగ్గుముఖం పట్టింది. పల్లపు వీధిలో మిగిలిన ఇళ్లు నిలిచాయి. నీళ్లు పూర్తిగా తీసిన నాడు వీరోజు ఉలి తెచ్చి, "ఎల్లకాలం" అన్న మాటను చెక్కి చెరిపేశాడు. ఆ చోట వేరే మాటేదీ రాయలేదు.

ఏటేటా అతడు అడిగాడు. ఒక ఏడు ఆమె "తెలియదు" అని పుట్టింటికి వెళ్లి, జొన్నకోతల నాటికి తనంతట తానే తిరిగి వచ్చింది. మరొక ఏడు అతడు ప్రశ్న ముగించకముందే "ఉంటాను" అనేసి సిగ్గుపడింది. అలా ముప్పైనాలుగు వరదలు గడిచాయి. వీరోజు పోయిన ఏడు కూడా ముసలి తిప్పక్క కర్ర పొడుచుకుంటూ ఏట్లో దిగింది. "అడిగేవాడు లేడు కదమ్మా, ఎవరికి చెబుతావు?" అన్నారు చుట్టుపక్కలవారు.

"అడిగినాడులే," అన్నదామె. "ఈ ఏడూ ఉంటాను."

ఏరు సాక్షిగా ఏటికొక మాట ఇచ్చే చోటు కనుక తల్లికి ఏటిమాట తల్లి అని పేరు వచ్చింది. నేటికీ శ్రావణంలో తొలి వరద తీసిన మర్నాడు దంపతులు మోకాలి లోతు నీటిలో నిలబడి ఒకరినొకరు అడుగుతారు. "ఉండలేను" అన్నవారిని ఇక్కడ ఎవరూ నిందించరాదు. పూజారి ఇద్దరికీ చెరొక దోసెడు పెసరపప్పు ప్రసాదం ఇచ్చి, చల్లగా ఉండమని దీవించి పంపుతాడు. తోడు పోయినవారు ఒంటరిగా దిగవచ్చు. నిజం చెప్పినవారి ఇంట భయం ఉండదని పెద్దల మాట. యాభై ఏళ్ల కాపురం చేసినవారు వచ్చినా ఒక్క ఏటికే మాట ఇవ్వాలి. అంతకు మించి తల్లి పుచ్చుకోదు.