బయల్దేరకముందే చేరిన జాబు

వెనకటికి ఓ రాజ్యంలో ఓబులేసు అనే జాబులు మోసేవాడు ఉండేవాడు. ఒకనాడు వాడు కొండకోట నుంచి తెచ్చిన జాబు చూసి దివాను మండిపడ్డాడు.

“కోటలో రెండో ఘడియకు బయల్దేరావని రాశారు. ఇక్కడికి పదో ఘడియకు వచ్చావు. మూడు ఘడియల దారికి ఎనిమిదా? దారిలో నిద్రపోయినందుకు ఇరవై కొరడా దెబ్బలు.”

ఉన్నమాట చెబితే కోటదొర మీద చాడీ అంటారని ఓబులేసుకు తెలుసు. “చిత్తం దొరా. దీని జవాబు ఇచ్చొచ్చాక కొట్టించండి. రెండు చోట్లా ఘడియ మాత్రం రాయించండి” అన్నాడు.

మర్నాడు వాడు తెచ్చిన రసీదు చూసి దివాను కళ్లు నులుముకున్నాడు. జవాబు ఇక్కడ పన్నెండో ఘడియకు బయల్దేరి, అదే రోజు పదో ఘడియకు కోట చేరిందట.

“బయల్దేరకముందే ఎలా చేరావురా?”

“నిన్నటి ఆలస్యానికి ఇరవై అన్నారు. ఈ తొందరకు ఎన్నో సెలవివ్వండి దొరా, రెండూ కలిపి తింటాను.”

దివాను నవ్వాపుకోలేక అసలు సంగతి అడిగాడు.

“ఇక్కడ సూర్యుడు లేచాక ఘడియలు మొదలవుతాయి. అక్కడ కోటదొరగారు లేచాక.”

దెబ్బలు రద్దయ్యాయి. ఏ కోటలోనైనా ఘడియలు సూర్యోదయం నుంచే లెక్కపెట్టాలని ఉత్తర్వు వెళ్లింది. ఆ తర్వాత కొండకోట నుంచి వచ్చిన జాబుల్లో ఆరో ఘడియకు ముందు రాసింది ఒక్కటీ లేదు.