మంత్రిగారి గదికి దారి

కథ రాయడం ఈ చేతికి ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

గజవాడ నేలే మల్లభూపతికి పూటకో ముచ్చట. ఈసారిది మంత్రి కేశవయ్య నూరిపోసినది. కోటలో ఏ వస్తువు కావాలన్నా, ఎవరిని పిలవాలన్నా పేరు చెబితే చాలదు, వాకిలి మొదలు అటక దాకా దారంతా చెప్పాలి. నౌకర్లు ఆ దారినే పోయి, అక్కడ ఏది ఉంటే అది తేవాలి. ఎదురు ప్రశ్న వేయకూడదు.

కొన్నాళ్ళకు మంత్రికి వాస్తు పిచ్చి పట్టింది. గదులన్నీ అటువి ఇటు మార్పించాడు. రాణిగారి పాలమేక ఉండే ఈశాన్యపు గది తను తీసుకుని, తన గది మేకకిచ్చాడు. తన పట్టుపరుపు తెమ్మని దారి చెప్పడం మరిచాడు, అది అక్కడే ఉండిపోయింది.

ఒకరోజు రాజుకు తలనొప్పి. శొంఠికి పాత దారే చెప్పాడు. గంగాళం నిండా ఉలవలు వచ్చాయి.

"నన్ను గుర్రమనుకున్నారా?"

"శాసనంలో లోపం లేదు ప్రభూ," అన్నాడు మంత్రి. "ఉగ్రాణంలో సరుకులు చూసే మంగతాయికే చేతకాదు. పంపించెయ్యండి."

"సాయంత్రంలోగా ఇది తేల్చు, లేదా మూట సర్దుకో," అన్నాడు రాజు, గుమ్మం దగ్గరే ఉన్న ఆమెతో.

మంగతాయికి ఈ కొలువు పోతే పొయ్యి వెలగదు. మంత్రి మీసం దువ్వుకుంటూ కొత్త గదికి పోవడం చూసింది.

"ఇప్పుడే తేలుస్తాను ప్రభూ. మంత్రిగారు కూడా ఉండాలి."

"మంత్రిని పిలవండి," అన్నాడు రాజు నౌకర్లతో.

నౌకర్లు కదల్లేదు.

"దారి చెప్పండి ప్రభూ," అంది మంగతాయి మెల్లగా.

రాజు విసుక్కుంటూ అలవాటైన దారి చెప్పాడు. "పెద్ద వాకిలి దాటి, కుడి వసారా, మూడో గది, పట్టుపరుపు మీద."

కాసేపటికి నౌకర్లు పరుపుతో సహా మేకను మోసుకొచ్చారు. అది మంత్రిగారి తమలపాకులు నములుతోంది.

"ఇదేంటే?"

"తమరు చెప్పిన చోట ఉన్నది ఇదే ప్రభూ. ఎదురు ప్రశ్న వేయకూడదు కదా."

సభ గొల్లున నవ్వింది. ఆ నవ్వుకు మంత్రి పరుగున వచ్చాడు. "నేనుండగా దాన్ని తెస్తారా?"

"తమరి దారి ఎవరూ చెప్పలేదు బాబుగారూ. శాసనం ప్రకారం తమరింకా రాలేదు."

రాజు తలనొప్పి మరిచి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరేం చెయ్యమంటావే?"

"పేరుతోనే అడగండి ప్రభూ. ఏది ఏ గదిలో ఉందో గుమ్మం దగ్గర నేను నౌకర్లకు చెబుతాను. గది మారితే నా ఒక్కదాని చెవిన వేస్తే చాలు. కోటంతా కొత్త దారులు బట్టీ పట్టక్కర్లేదు."

రాజు సరేనని చేతి కడియం తీసి ఆమెకిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మంగతాయి శొంఠి జాడీని వంటింటి పక్కకు మార్పించింది. ఎవరికీ చెప్పలేదు. రాజు శొంఠి అడిగాడు, శొంఠే వచ్చింది. ఆ తరవాత ఆమె మంత్రి గుమ్మం ముందు నిలబడి వినయంగా అడిగింది.

"బాబుగారూ, రాజుగారు మంత్రి కావాలంటే ఇకనుంచి ఏ గదికి పంపమంటారు?"