గంప దిగిన మాణిక్యం

కాలవ గట్టున ఓ దొడ్డి. అందులో గంపనిండా గడ్డి, గడ్డి మీద గుడ్లు, గుడ్ల మీద మాణిక్యం అనే కోడిపెట్ట. పొదగడం మొదలెట్టాక దాని ఈకలు ఎంత రాలాయంటే, వాటితో ఊరందరికీ దిండ్లు కుట్టి, మిగిలింది సంతకి పంపొచ్చు.

ఆ గుడ్ల మీద కన్నేసిన ముంగిస బంగారయ్య ఓ పొద్దున గంప పక్కన చతికిలబడ్డాడు. పెట్ట ముక్కంటే వాడికి హడల్. అందుకని నాలుకతోనే పని మొదలెట్టాడు.

"మాణిక్యమత్తా, మొహం పీక్కుపోయింది నీకు. ఆ బాతు వరాలుని చూడు. గుడ్డు పెట్టి పారేసి కాలవలో జలకాలాడుతోంది. సూర్యుడు దాని ఒంట్లో మొహం చూసుకుని తల దువ్వుకుంటున్నాడు."

మాణిక్యం చూసింది. నిజమే. చూసినకొద్దీ కింద గడ్డి గుచ్చుకోసాగింది. గంప దిగి గట్టుకి నడిచింది.

"బతుకంటే నీదేనే వరాలూ."

బాతు ఈదడం ఆపేసింది. "అదేంటొదినా? రోజూ నిన్ను చూసి నేనేడుస్తుంటే. ఈ కాలవలో సగం నా కన్నీళ్ళే. నాకు పొదగడం చేతకాదనేగా, మన దొడ్డి అమ్మగారు నా గుడ్లు కూడా నీ కిందే పెట్టారు. అవునూ, గుడ్ల దగ్గరెవరున్నారు?"

మాణిక్యం గిరుక్కున వెనక్కి తిరిగింది. పరుగున వచ్చేసరికి బంగారయ్య గంపలో ఉన్నాడు, ఓ గుడ్డు కావలించుకుని. మీద పడితే గుడ్లన్నీ చితుకుతాయి. మాణిక్యం గొంతు సర్దుకుంది.

"తిను అల్లుడూ. పక్క దొడ్డి ముంగిసైతే ఇంత చిన్న గుడ్లు ముట్టుకోడులే."

"ఎవడాడు?"

"తెలీదూ? వాడు ఇవాళ గుమ్మం దాటితే, తోక చివర రేపు దాటుతుంది."

"నా తోక కంటేనా?"

"నన్నడుగుతావేం, పోయి పక్కన నిలబడి చూసుకో."

బంగారయ్య గుడ్డు వదిలేసి ఉరికాడు. పక్క దొడ్డిలో ముంగిస లేదు, దూడంత కుక్క ఉంది. సగం తోకతో వాడు దౌడు తీస్తుంటే లేచిన దుమ్ము ఇంకా పూర్తిగా అణగలేదట.

మాణిక్యం గుడ్ల మీద సర్దుకుంది. అన్నీ వెచ్చగానే ఉన్నాయి. కాలవకేసి చూస్తే ఇప్పుడూ మనసు కాస్త చివుక్కుమంది.

"వరాలూ, నీళ్ళ కబుర్లు చెబుదువుగాని, ఇలా రా," అని పిలిచింది. "నీ పిల్లలు లోపల కదులుతున్నారు, చెవి పెట్టి విందువుగాని."

పక్కవాళ్ళ బతుకు చూసి కుళ్ళొస్తే వాళ్ళనే పిలిచి అడగండి, ఈలోగా మీ గుడ్లు మాత్రం చల్లారనివ్వకండి.