నూకాలు గీసిన పుస్తకం

పటంలో చుక్కగానైనా కనపడని ఒక ఊళ్లో నూకాలు అనే దర్జీ ఉండేది. చనిపోయిన అమ్మ రాసుకున్న జోలపాటల నోటుబుక్కులో సిరా వెలిసిపోతుంటే ఆమె మనసు ఊరుకోలేదు. ఎవరైనా ఉచితంగా వాడుకునే బొమ్మల సాఫ్ట్‌వేరు కంప్యూటర్లో పెట్టుకుంది. అమ్మ పెట్టే పొడుగు తలకట్లతో సహా ఒక్కో అక్షరాన్నీ తెరమీద దిద్ది, పేజీలు పేర్చి, అచ్చు తీసి, పుస్తకం కుట్టింది.

దాన్ని గ్రంథాలయానికి ఇవ్వబోతే అధ్యక్షులు పరాంకుశంగారు ముఖం చిట్లించారు.

"బొమ్మలు గీసేదాంతో పుస్తకం చేస్తారా ఎవరైనా? ఇది బొమ్మ. ఇక్కడ పుస్తకాలే పెడతాం."

"అలాగేనండి. బొమ్మెలా ఉందో చూసి చెప్పండి."

తప్పులు పట్టుకుందామని ఆయన తెరిచారు. మొదటి పాట పైకే చదివారు. పేజీ తిప్పారు. రెండో పాటకి గొంతు తగ్గింది. మూడోదానికి కుర్చీలో కూర్చున్నారు.

"బొమ్మని చూడమన్నానండి," అంది నూకాలు నెమ్మదిగా. "మీరు చదువుతున్నారు."

పరాంకుశంగారు పుస్తకం మీద గ్రంథాలయం ముద్ర వేసి, బీరువా వైపు లేచారు.

"కాస్త ఆగండి," అందామె. "మూడో పాట సగంలో ఆపేశారు. గీసినన్నాళ్లూ అమ్మ చేతిరాతనే చూసుకున్నాను. ఆ పాట ఒకరి నోట విని పదేళ్లయింది."