మిగతా నాలుగు బంతులు

షిరాయిషి బంతిలో వేగం పోయింది.

జపాన్‌లో బేస్‌బాల్ అంటే మనకి క్రికెట్ ఎంతో అంత. అందులో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. షిరాయిషి పదిహేనేళ్ళుగా అదే పని చేస్తున్నాడు. ఒకప్పుడు అతని బంతి గంటకి నూట యాభై రెండు కిలోమీటర్ల వేగంతో వెళ్ళేది. మోచేతికి ఆపరేషన్ అయ్యాక నూట ముప్పై ఎనిమిది దాటడం లేదు. పెద్ద జట్టులోంచి తీసి రెండో జట్టులో వేశారు. ఏటా అక్టోబరులో క్లబ్బు వాళ్ళు అక్కర్లేని ఆటగాళ్ళని పిలిచి, మర్యాదగా టీ ఇచ్చి, ఇక రావద్దని చెబుతారు. ఈసారి ఆ టీ తనకేనని అతనికి అనుమానం.

పట్టుదలకి మాత్రం లోటు లేదు. రోజుకి రెండు వందల బంతులు వేసేవాడు. వేసిన ప్రతిసారీ మెడ తిప్పి, వెనకాల బోర్డు మీద వేగం అంకె చూసేవాడు. చూసి, పళ్ళు కొరికి, మళ్ళీ వేసేవాడు. మనిషి నలిగిపోయాడు గాని అంకె కదల్లేదు.

జులైలో ఒక పొద్దున్న ఇనుబుషి దగ్గరికి వెళ్ళాడు.

ఇనుబుషికి యాభై ఎనిమిదేళ్ళు. ఆయనా ఒకప్పుడు పిచ్చరే. రెండేళ్ళు ఆడి ఒక్క మ్యాచ్ కూడా గెలిపించలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళుగా బ్యాటింగ్ పిచ్చర్. అంటే ప్రాక్టీసులో సొంత జట్టు బ్యాటర్లకి, వాళ్ళు హాయిగా కొట్టుకునేలా బంతులు వేసే ఉద్యోగం. అయినా పద్దెనిమిదేళ్ళ వయసులో జట్టులోకి వచ్చిన షిరాయిషికి బంతి పట్టుకోవడం సరిదిద్దింది ఆయనే.

“ఇనుబుషి సాన్, నా వేగం నాకు తిరిగి రావాలి. మీరు ఏం చెయ్యమన్నా చేస్తాను,” అన్నాడు షిరాయిషి. సాన్ అంటే మన గారు.

ఇనుబుషి ఒక బంతికంటిన మట్టి తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

“రేపు నా బదులు నువ్వు వెయ్యి.”

షిరాయిషి మొహం మాడిపోయింది. జట్టు వదిలించుకున్న పిచ్చర్లకి దయతలచి ఇచ్చే పని అది.

“నా పని అయిపోయిందని మీరూ అనుకుంటున్నారా?”

“వంద బంతులు. తొమ్మిదింటికి రా.”

మర్నాడు వెళ్ళాడు. కోపంతోనే వెళ్ళాడు. మొదట బ్యాటు పట్టుకుని వచ్చినవాడు మినొవా అనే కొత్త ఆటగాడు. పది బంతులయ్యాక అతను హెల్మెట్ తీసి తల వంచాడు. “క్షమించండి, షిరాయిషి సాన్. కొట్టడానికి కుదరడం లేదు,” అన్నాడు. ఆ రోజు వందలో ముప్పై కూడా సరిగా తగల్లేదు. షిరాయిషికి లోలోపల కాస్త సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు.

అంతా అయ్యాక ఇనుబుషి అడిగాడు. “ఏడో బంతికి మినొవా ముందుకాలు ఎక్కడ వేశాడు?”

“చూడలేదు.”

“మరి ఏం చూశావు?”

షిరాయిషి మళ్ళీ బోర్డు వైపే తిరిగాడు. బ్యాటర్లకి వేసే ప్రాక్టీసులో అది ఆపేసి ఉంటుంది. అయినా వందసార్లూ అతని మెడ వెనక్కే తిరిగింది.

“రేపు కూడా నువ్వే,” అన్నాడు ఇనుబుషి.

ఆ రేపు ఆగస్టు చివరిదాకా సాగింది. షిరాయిషి డ్రెస్సింగ్ రూములోకి రాగానే తనకంటే చిన్నవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. అతనికి తల కొట్టేసినట్టుండేది. మానెయ్యాలని రోజూ అనుకునేవాడు, రోజూ తొమ్మిదింటికి వచ్చేవాడు. వేస్తూ వేస్తూ బ్యాటర్ల కాళ్ళు చూడ్డం మొదలుపెట్టాడు. తర్వాత చేతులు, ఆ తర్వాత భుజాలు. ఎవరికి బంతి ఎక్కడికొస్తే ఇష్టమో తెలిసొచ్చింది. అక్కడికే వేసేవాడు. షిరాయిషి వేస్తేనే ఆడతామని బ్యాటర్లు వరస కట్టసాగారు.

ఒకరోజు చెమట తుడుచుకుంటూ వచ్చి, కొంచెం గర్వంగానే చెప్పాడు. “ఇవాళ తొంభై ఆరు బాగా తగిలాయి.”

“మిగతా నాలుగో?” అన్నాడు ఇనుబుషి.

“రెండు మినొవావి. అతనికి మోకాలెత్తులో, ఒంటికి దగ్గరగా వస్తే ఇష్టం. అవి బెత్తెడు కిందికి పోయాయి. ఆశపడి ఊపాడు, బ్యాటు బంతి పైనుంచి పోయింది. ఇంకొకటి తాచిహరది. అతను ముందే మడమ ఎత్తేశాడు, నా చెయ్యి అరక్షణం ఆలస్యమైంది. ఇంకొకటి...”

చెబుతున్నవాడు ఆగిపోయాడు. తువ్వాలు చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ నాలుగూ గురి తప్పాయని, రేపు సరిచెయ్యాలని అనుకుంటూ వచ్చాడు ఇందాకటిదాకా. మ్యాచ్‌లో అయితే వెయ్యాల్సినవి అవే.

ఇనుబుషి లేచాడు. “రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు.”

సెప్టెంబరులో పెద్ద జట్టు పిచ్చర్ ఒకడికి భుజం పట్టేసింది. వేరే దారి లేక షిరాయిషిని పిలిచారు. తొమ్మిదింటిలో ఎనిమిదో ఇన్నింగ్స్; ముగ్గురు ఔటైతే అది ముగుస్తుంది. తమ జట్టుకి ఒక్క పరుగు ఆధిక్యం. అవతలి జట్టులో ఒకడు ఔటయ్యాడు, ముగ్గురు మూడు బేసుల మీద, అంటే పరుగు దారిలోని మజిలీల మీద, కాచుకుని ఉన్నారు. అప్పుడు బంతి అతని చేతిలో పెట్టారు. ఎదురుగా ఉన్న బ్యాటర్ బంతిని ప్రేక్షకుల మధ్యకి పంపడంలో ఆ ఏడాది అందరికంటే ముందున్నవాడు.

షిరాయిషి మొదటి బంతి దూరంగా వేసి అతని కాలు చూశాడు. రెండోది వేసి భుజం చూశాడు. మూడోదానికి, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ వేళ్ళతో సైగ చేశాడు, వేగంగా వెయ్యమని. షిరాయిషి తల అడ్డంగా ఊపాడు. క్యాచర్ మళ్ళీ అదే సైగ చేశాడు. షిరాయిషి మళ్ళీ తల ఊపాడు. అప్పుడు బ్యాటర్‌కి బాగా ఇష్టమైన చోటికే బంతి పంపి, చివరి క్షణంలో బెత్తెడు కిందికి దింపాడు. బ్యాటర్ ఒళ్ళంతా కూడదీసుకుని ఊపాడు. బంతి చచ్చుగా మట్టిలో దొర్లుకుంటూ పోయి ఫీల్డర్ చేతిలో పడింది. పరుగెత్తేవాళ్ళు చేరేలోపే అది రెండు బేసులకీ చేరిపోయింది. ఒక్క బంతికి ఇద్దరు ఔట్. ఇన్నింగ్స్ అయిపోయింది.

అక్టోబరులో క్లబ్బు అతనితో ఇంకో ఏడాదికి ఒప్పందం రాయించుకుంది. కాగితం మీద సంతకానికి బదులు తన ముద్ర వేసి, ఆ మధ్యాహ్నమే రెండో జట్టు మైదానానికి వెళ్ళాడు. ఇనుబుషి దెబ్బ తగలకుండా పెట్టిన వల వెనక నిలబడి మినొవాకి బంతులు వేస్తున్నాడు. షిరాయిషి నడుము వంచి నమస్కరించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. కళ్ళు తడిశాయి.

“ఇనుబుషి సాన్, ఆ మ్యాచ్ రోజు కూడా నా బంతి వేగం నూట ముప్పై ఆరేనట.”

ఇనుబుషి ఇంకో బంతి అందుకున్నాడు.

“ఔటైనవాడు అడిగాడా?”