దివాన్ గారి కుక్కకు తిండి

పూర్వం ఒక సంస్థానంలో దివాన్ విరూపాక్షయ్య కాశీకి బయలుదేరుతూ బుట్టలల్లే గురవమ్మను ఇంటికి కాపలా పెట్టాడు. అడిగి పెట్టలేదు, హుకుం వేసి పెట్టాడు.

“మా కుక్క ఎవరిని చూసి మొరిగితే వాడు దొంగ. వాణ్ని లోపలికి రానిచ్చావో, నీ గుడిసె పీకించి ఊరు దాటిస్తాను,” అని చెప్పి, వంటింటికి తాళం వేసుకుని వెళ్లిపోయాడు. కుక్క ఏం తింటుందో చెప్పలేదు. కాపలా మనిషికీ ఆకలి వేస్తుందని అసలే తోచలేదు. ఇల్లు అప్పగించే పద్ధతి అదేనా?

మూడు నెలలు గురవమ్మ తన అంబలిలో సగం కుక్కకు పోసింది.

దివాన్ కాశీలో గుండు చేయించుకుని, మీసాలు తీయించుకుని తిరిగొచ్చాడు. కుక్క ఆయన్ను చూసి ఒకటే మొరుగుడు. ఇరుగుపొరుగు పోగయ్యారు.

“ఒసే, తలుపు తియ్యి. నేనే.”

గురవమ్మ గొంతు గుర్తుపట్టింది. అయినా గడియ తీయలేదు.

“కుక్క మొరుగుతోంది బాబయ్యా. తీస్తే నా గుడిసె పోతుంది. మీరు ఇంటాయనే అయితే ఒక్కమాట చెప్పండి. వెళ్లేటప్పుడు దీనికి తిండి ఎక్కడ పెట్టి వెళ్లారు?”

“వంటింట్లో.”

“దానికి తాళం వేసుందే.”

“అయితే కొట్టంలో.”

“అక్కడున్నది గడ్డి.”

ఎండకు గుండు చుర్రుమంటోంది. చివరికి ఆయన తల దించుకున్నాడు.

“ఏమీ పెట్టలేదమ్మా.”

“అలా చెప్పండి. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. నాకు, కుక్కకు, మా దివాన్ గారికి,” అంటూ గురవమ్మ కుక్క మెడ నిమిరి గడియ తీసింది.