సన్మానపు రాయి

ఏరు వంపు తిరిగే చోట, జమ్ము దట్టంగా పెరిగిన మడుగొకటి ఉంది. ఆ చుట్టుపక్కల జంతువులన్నీ కలిసి అక్కడ సరదా చేపల సంఘం పెట్టుకున్నాయి. జీతం లేదు, బత్తెం లేదు, ఇష్టమైనవాళ్ళు చేరడమే. తెల్లవారుతుండగా రావాలి, చేపను పట్టాలి, నలుగురికీ చూపించి గొప్పలు చెప్పుకోవాలి, మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. ఆకలి సంగతి ఎవరిది వాళ్ళు వేరేచోట చూసుకోవాలి.

సంఘానికి పెద్ద ముసలి కొంగ. దానికి సభలన్నా సన్మానాలన్నా ప్రాణం. కార్యదర్శి నక్క. కొత్తవాళ్ళను చేర్చడంలో నక్కను మించినవాళ్ళు లేరు. చిక్కల్లా, చేరినవాళ్ళు నిలవకపోవడమే. ఇవాళ వచ్చిన సభ్యుడు రేపటికి ఉండడు.

"ఈ కాలం పిల్లలకు నిలకడ లేదు" అని కొంగ నిట్టూర్చేది.

"పోతే పోనీ తాతా, ఇంకొకర్ని తేనూ?" అనేది నక్క.

అలా తేవడానికే ఒకరోజు పక్క చెరువుకు వెళ్ళి బావురుపిల్లిని పలకరించింది. పంజా విసిరి చేపను పట్టడంలో బావురుపిల్లికి పెద్ద పేరు. అనుమానం మాత్రం దానికి పుట్టుకతోనే వచ్చింది.

"చెల్లెమ్మా, నీలాంటిది మా సంఘంలో లేకపోవడం మాకే నామర్దా. రేపు పొద్దున్నే రా. కొత్తవాళ్ళకు సన్మానపు రాయి మీద చోటిస్తాం."

"అదేం రాయి నక్కన్నా?"

"మడుగులోకి చొచ్చుకుపోయిన నల్లరాయి. లోతు అక్కడే, పెద్ద చేపలూ అక్కడే. మొన్న మీ నీటికుక్క దానిమీద నిలబడి తనంత పొడుగు కొర్రమీనును పట్టింది!"

"అబ్బో! మరి అదేదీ? కనబడలేదే?"

"ఆ పూటే సంఘం మానేసి ఎటో వెళ్ళిపోయింది. నిలకడ లేని జన్మ!"

బావురుపిల్లి నవ్వి సరేనంది. నక్క వినయంగా తోక ఊపుతూ వెళ్ళిపోయాక ఆ నవ్వు పోయింది. నీటికుక్క సంగతి దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు. వేలెడంత పరిగెచేప దొరికితే మూరెడని చెరువంతా తిరిగి చాటే రకం. తనంత చేపను పట్టి, ఒక్కరికైనా చెప్పకుండా వెళ్ళిపోతుందా? చేపలు పట్టేవాళ్ళు తిండి మానగలరు గానీ గొప్పలు మానలేరు. చెప్పుకోవడానికి రాలేదంటే, రావడానికి అసలు లేదన్నమాట.

పొద్దు వాలకముందే మడుగు దగ్గరకు వెళ్ళి, గట్టున ఎండ కాచుకుంటున్న తాబేలును కదిలించింది.

"మామా, నీటికుక్క ఏమైంది?"

తాబేలు తల లోపలికి లాక్కుంది. "నాకేం తెలుసమ్మా? నేనసలే చెవిటివాణ్ణి."

"రేపు ఆ రాయి మీద నిలబడేది నేనే మామా."

డిప్పలోంచి గుసగుసగా మాట వచ్చింది. "రాయి కింద మొసలి ఉంది తల్లీ. ఓసారి నక్క కాలు దాని నోట్లో పడింది. 'నన్ను వదిలెయ్, ఈ రాయి మీద ఎవరు నిలబడితే వాళ్ళు నీ వాళ్ళు, నిలబెట్టే పూచీ నాది' అని నక్క ఒట్టేసింది. అడుగున బురదలో ఉండి విన్నాను. కొత్తవాళ్ళు రాయెక్కాక మిగతావాళ్ళు జమ్ము చాటున ఎవరి చోటికి వాళ్ళు పోతారు, అందుకే ఎవరికీ కనబడదు. చెబితే నా డిప్ప పగులుతుందని నోరు మూసుకున్నాను. పారిపో, మళ్ళీ ఇటు రాకు."

"నేను పారిపోతే రేపు ఇంకొకరు నిలబడతారు కదా?"

కొంగకు చెబుదామంటే, అది నక్క మాట తప్ప ఇంకొకరిది నమ్మదు. బావురుపిల్లికి ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

తెల్లారేసరికి మడుగంతా మంచు. సభ్యులంతా గట్టున చేరారు. రాయి చుట్టూ నీళ్ళు ఒక్క అల కూడా లేకుండా ఉన్నాయి.

"రా చెల్లెమ్మా, రాయెక్కు!" అంది నక్క.

"ఎక్కుతా అన్నా. కానీ పెద్దలుండగా ముందు నేనెక్కడం పద్ధతి కాదు. కొంగతాతా! ఇంతమందిని సంఘంలో చేర్చిన నక్కన్నకు ఇన్నేళ్ళలో ఒక్క సన్మానమైనా చేశారా?"

కొంగ రెక్కలు విదిల్చింది. "అవును సుమా! ఎంత మాట మరిచాం! ఎక్కు నాయనా, నీ తర్వాతే ఎవరైనా."

"నాకెందుకు తాతా... కాలిలో ముల్లు విరిగింది... చలిగా కూడా ఉంది."

"పిల్లలు ఎక్కేచోట నీకు చలేమిటి? అక్కడేమైనా భయముందా?"

నక్కకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. ఉందంటే సభ ఊరుకోదు, లేదంటే ఎక్కాలి. అది వెనక్కి వెనక్కి జరగడం బావురుపిల్లి చూసింది. చూసి, జాలేసి, దగ్గరకు వెళ్ళింది.

"నక్కన్నా, ఆ రాయి సంగతి నిజం చెప్పెయ్. ఎక్కనక్కర్లేదు."

నక్క గట్టున ఉన్న మొహాలన్నీ చూసింది. మొసలి మనవాడే కదా, నన్నెరుగును కదా అనుకుంది. "నిజమేముంది, ఉత్త రాయి!" అంటూ ఎక్కింది.

నీళ్ళు కదిలాయి. రాయి పక్కన రెండు కళ్ళు తేలాయి.

"నేను! నేను నక్కను! మన ఒప్పందం మరిచావా?" అని అరిచింది నక్క.

"మరిస్తే ఎలా?" అంది మొసలి. "రాయి మీద ఎవరు నిలబడితే వాళ్ళు నావాళ్ళన్నావు. నువ్వు తప్ప అనలేదే!"

ఒక్క చప్పుడు. ఆ పైన నీళ్ళు మళ్ళీ నిశ్చలం.

తాబేలు డిప్పలోంచి తల బయటపెట్టి, తెలిసిందంతా ఏడుస్తూ చెప్పింది. కొంగ ముక్కు నేలకు ఆనింది. "నిలకడ లేదని ఆ పిల్లలనే తిట్టాను" అంది.

సంఘం ఆ మడుగు విడిచి ఎగువన మోకాలిలోతు నీళ్ళకు మారింది. ఇప్పుడు కొత్తవాళ్ళు మధ్యన నిలబడతారు, పాతవాళ్ళు లోతువైపు నిలబడతారు. చేరినవాళ్ళెవరూ మానలేదు. బావురుపిల్లి మాత్రం నేటికీ రాయి కనబడితే ఒకటికి రెండుసార్లు చూసి గానీ అడుగు వేయదు.

నీతి: సంఘంలో చేరమని పిలిచేవాణ్ణి, ముందు చేరినవాళ్ళు ఏరని అడిగి మరీ అడుగు వేయాలి.